పాత డెస్క్‌టాప్‌లో నెట్ వస్తూ పోతూ ఉంది, ఫోన్లో మాత్రం బాగానే ఉంది. ఎక్కడ చూడాలి?

కిటికీపక్క

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది, 2013 నాటిది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. లోపల వైఫై లేదు కాబట్టి యూఎస్‌బీ డాంగిల్ పెట్టి వాడుతున్నాం. కొంతకాలంగా నెట్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, కాసేపటికి దానంతట అదే వస్తోంది. కింద మూలన వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. అమ్మ వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే బొమ్మ బిగుసుకుపోతుంది, అవతలివాళ్ళు హలో హలో అంటూనే ఉంటారు. ఇది చాలదన్నట్టు కొన్ని రోజులు పొద్దున ఆన్ చేయగానే ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్ర గుర్తుతో హెచ్చరిక వస్తోంది.

నెట్ కంపెనీ తరఫున మనిషి వచ్చి, ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేసి, లైన్ బాగుంది, మీ సిస్టమే పాతది అని చెప్పి వెళ్ళిపోయాడు. అదే బల్ల దగ్గర ఫోన్లో నిజంగానే బాగుంది. సిస్టమ్ మార్చాల్సిందేనా, లేక సరిచేసుకోవచ్చా? ఎవరైనా దారి చూపండి.

చిటికెలో

బ్రో, విండోస్ తీసేసి ఫ్రెష్‌గా వేసేయ్. పాత సిస్టమ్స్‌లో చెత్త పేరుకుపోతుంది. సగం సమస్యలు దాంతోనే పోతాయి.

వైరుముడి

చిటికెలో గారూ, ఆ మాట చివర్లో అందాం. ఫార్మాట్ కొడితే ఒక రోజు పోతుంది, ఫైళ్ళు పోయే ప్రమాదం కూడా ఉంది, పైగా తప్పు డాంగిల్‌లో ఉంటే కొత్త విండోస్‌లోనూ అదే గొడవ. పాత కంప్యూటర్ అనగానే అందరూ చేసేది ఇదే: ఎక్కడ తెగుతోందో చూడకుండా మార్చడం మొదలుపెడతారు. నాలుగు మార్పులు ఒకేసారి చేశాక బాగైనా, దేనివల్ల బాగైందో తెలియదు, మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే.

కిటికీపక్క గారూ, ముందు ఇది చేయండి. స్టార్ట్‌లో సీఎండీ అని ఇంగ్లీషులో కొడితే నల్ల విండో వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అనే చోట 192.168.1.1 లాంటి అంకెలు కనిపిస్తాయి, కొన్ని రౌటర్లలో 192.168.0.1 ఉంటుంది. అది మీ రౌటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు వేసి, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఆపేదాకా అది రౌటర్‌ను పలకరిస్తూనే ఉంటుంది. ఇంకో నల్ల విండో తెరిచి 8.8.8.8 అనే అంకెలతో అదే పని చేయండి, అది గూగుల్ సర్వర్, మీ ఇంటి బయట ఉంది. రెండు విండోలూ పక్కపక్కన పెట్టి మామూలుగా పని చేసుకోండి. నెట్ ఆగిన క్షణంలో వాటి వంక చూడండి.

రెండూ ఆగితే తెగింది మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్యన, అంటే డాంగిల్, డ్రైవర్, వైఫై గాలి, వీటిలో ఏదో ఒకటి. రౌటర్ విండో నడుస్తూ 8.8.8.8 మాత్రమే ఆగితే తప్పు రౌటర్ అవతల, అప్పుడు కంపెనీ వాళ్ళతో గట్టిగా మాట్లాడొచ్చు. రెండూ నడుస్తున్నా పేజీలు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్, అంటే సైటు పేరును అంకెలుగా మార్చే వ్యవస్థ, లేదా బ్రౌజర్, యాంటీవైరస్ వైపు చూడాలి. ఇది తేలేదాకా ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోవద్దు.

రాత్రిడ్యూటీ

వైరుముడి అన్న చెప్పింది సరిగ్గా చేయండి. దాంతోపాటు మూడు సంగతులు చూసి రాయండి. ఆగినప్పుడు రౌటర్ మీద ఏ లైట్లు ఎలా ఉన్నాయి (ఫైబర్ అయితే సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలుగుతోందా). ఐపీకాన్ఫిగ్‌లో మీ కంప్యూటర్ చిరునామా 169.254 తో మొదలవుతోందా, అలా ఉంటే రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. ఇక మూడోది, ఆగిన ఆ సమయానికి కంప్యూటర్‌లో ఏ పని నడుస్తోంది. ఈ మూడోది ఎవరూ రాయరు, కానీ చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

కిటికీపక్క

చేశాను. చాలా స్పష్టంగా తెలిసింది, థాంక్స్ వైరుముడి గారూ.

మామూలుగా ఉన్నప్పుడు రౌటర్ విండోలో 2, 3 మిల్లీసెకన్లు వస్తోంది. నెట్ ఆగే ముందు అది 400, 900 అలా ఎగిరి, తర్వాత వరసగా రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే జవాబే రావడం లేదు. రెండు విండోలూ ఒకేసారి ఆగుతున్నాయి. రౌటర్ లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. చిరునామా 192.168 తోనే ఉంది. గీతలు మాత్రం అప్పుడు కూడా నిండుగానే ఉన్నాయి, నాకు అదే అర్థం కావడం లేదు. సిగ్నల్ ఫుల్ ఉంటే రౌటర్ దాకా కూడా వెళ్ళకపోవడం ఏమిటి? ఏ పని నడుస్తోంది అంటే ప్రత్యేకంగా ఏమీ లేదు, సాయంత్రాలు ఎక్కువ.

మేడమీదగది

రౌటర్ దాకానే వెళ్ళడం లేదంటే నెట్ కంపెనీ తప్పు లేనట్టే. ఆ వచ్చిన మనిషి చెప్పింది సగం నిజం.

ముందు పవర్ సేవింగ్ చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, మీ డాంగిల్ పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేసే అనుమతి అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేయండి. పాత డాంగిళ్ళు ఒకసారి నిద్రలోకి వెళ్తే సరిగా లేవవు. అదే జాబితాలో యూనివర్సల్ సీరియల్ బస్ కింద యూఎస్‌బీ రూట్ హబ్ అని ఉంటాయి, వాటికీ అదే టిక్ తీయండి.

సాయంత్రాలు ఎక్కువ అన్నారు కాబట్టి ఛానెల్, అంటే రౌటర్ గాలిలో వాడే దారి, కూడా చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల ఇళ్ళన్నీ సాయంత్రం వాడకంలో ఉంటాయి. ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసి ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నది చూసి రౌటర్‌లో అది పెట్టండి. 3, 4, 8 లాంటివి పెట్టొద్దు, రెండు వైపుల రద్దీ కూడా మీ మీద పడుతుంది. ఇంకో మాట, మీ ఫోన్ బహుశా 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది, డాంగిల్ 2.4 మీద. అలాంటప్పుడు ఫోన్లో బాగుంది కాబట్టి వైఫై బాగుంది అనే పోలిక పనికిరాదు. ఫోన్‌ను కూడా 2.4 కి కలిపి చూడండి.

కిటికీపక్క

టిక్కులన్నీ తీశాను, తేడా లేదు. ఛానెల్ 11 ఖాళీగా ఉంటే అది పెట్టాను, కొంచెం మెరుగు కానీ ఆగడం ఆగలేదు. ఫోన్‌ను 2.4 కి మార్చి అదే బల్ల మీద, కీబోర్డు పక్కన పెట్టి చూశాను. కంప్యూటర్‌లో ఆగినప్పుడు కూడా ఫోన్లో వీడియో నడుస్తూనే ఉంది. అంటే గాలిలో తప్పు లేదనేగా?

చిటికెలో

అయితే డాంగిల్ పోయింది. కొత్తది తీసుకో.

రాగితీగ

ఆగండి. డాంగిల్ పోయి ఉంటే పొద్దున కూడా పోవాలి. సాయంత్రమే ఎందుకు? కిటికీపక్క గారూ, సీపీయూ వెనక్కి వెళ్ళి చూసి, డాంగిల్ ఏ పోర్టులో ఉంది, ఆ పోర్టు లోపల నాలుక రంగు నలుపా నీలమా, దాని పక్క పోర్టుల్లో ఏమేం పెట్టి ఉన్నాయి, ఇవి రాయండి.

కిటికీపక్క

వెనక రెండు నీలం పోర్టులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైదాంట్లో డాంగిల్. కిందిదాంట్లో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, అది ఎప్పుడూ పెట్టే ఉంటుంది. ఫొటోల బ్యాకప్ దాంట్లోకి వెళ్తుంది, దానంతట అదే నడిచేలా తమ్ముడు పెట్టాడు... సాయంత్రం ఆరుకి.

రాగితీగ

దొరికింది. దాదాపు ఖాయంగా అదే.

నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3.0. అందులో సమాచారం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతుంది, ఆ వేగంలో నడిచేటప్పుడు పోర్టు, కేబుల్, డిస్క్ డబ్బా అన్నీ కలిసి రేడియో రొద పుట్టిస్తాయి. ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది, అంటే సరిగ్గా మీ డాంగిల్ వినే చోట. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద కొలతలతో సహా ఒక పత్రం పెట్టింది. డిస్క్ ఊరికే ఉన్నప్పుడు కంటే కాపీ నడుస్తున్నప్పుడు ఇబ్బంది ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి ఇంత బాధ ఉండదు.

గీతలు నిండుగా ఉండి కూడా నెట్ ఎందుకు పోతోంది అని అడిగారు కదా, అదీ ఇందుకే. ఆ గీతలు చెప్పేది రౌటర్ ఎంత గట్టిగా వినిపిస్తోంది అని మాత్రమే, చుట్టూ ఎంత రొద ఉందో చెప్పవు. పక్కన గ్రైండర్ తిరుగుతుంటే ఎదుటి మనిషి గట్టిగా మాట్లాడుతున్నా మాట అర్థం కానట్టే. అర్థం కాని ప్యాకెట్‌ను, అంటే సమాచారం ముక్కను, మళ్ళీ పంపాలి, మళ్ళీ మళ్ళీ పంపేసరికి మీరు చూసిన 400, 900 మిల్లీసెకన్లు. అప్పటికీ కుదరకపోతే టైమ్డ్ అవుట్. ఫోన్‌కు ఏమీ కాలేదు ఎందుకంటే అది కీబోర్డు పక్కన ఉంది, డాంగిల్ ఆ డిస్క్ ప్లగ్‌కు అంగుళం దూరంలో ఉంది, దానికి తోడు వెనక సీపీయూ ఇనప డబ్బా, గోడ మధ్యన ఇరుక్కుని ఉంది.

నమ్మకం కోసం ఒక పరీక్ష చేయండి. పింగ్ విండో తెరిచి పెట్టి, పెద్ద ఫైల్ ఒకటి ఆ డిస్క్‌లోకి కాపీ పెట్టండి. అంకెలు చూడండి. కాపీ ఆపి మళ్ళీ చూడండి. తేలిపోతే డాంగిల్‌ను ముందువైపు నల్ల పోర్టులోకి మార్చండి, ఇంకా మంచిది మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి బల్ల మీదికి తేవడం. నల్లది యూఎస్‌బీ 2, దాని వేగం 480 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 150, 300 ఎంబీపీఎస్ రకం డాంగిల్‌కు అది చాలు, భయపడక్కర్లేదు.

మేడమీదగది

రాగితీగ గారూ ఇది చాలా ఉపయోగం. నేను ఛానెల్ దగ్గరే తిరుగుతున్నాను, డిస్క్ సంగతి తట్టే అవకాశమే లేదు. బ్లూటూత్ మౌస్ తడబడటం కూడా ఇందువల్ల అవుతుందా?

రాగితీగ

అవుతుంది. బ్లూటూత్ కూడా 2.4 లోనే ఉంటుంది, వైర్‌లెస్ మౌస్ రిసీవర్లు కూడా దాదాపు అన్నీ అక్కడే. రిసీవర్‌ను డిస్క్ పక్క నుంచి తీసి దూరంగా పెట్టండి.

కిటికీపక్క

మాటల్లేవు. పింగ్ విండో పెట్టి ఒక సినిమా ఫైల్ డిస్క్‌లోకి కాపీ పెట్టగానే 3 నుంచి 600 కి వెళ్ళింది, కాపీ క్యాన్సిల్ చేయగానే మళ్ళీ 3. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయింది. స్విచ్ వేసి తీసినట్టు ఉంది. తర్వాత ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి డాంగిల్‌ను మానిటర్ పక్కకి తెచ్చాను. ఇప్పుడు కాపీ నడుస్తున్నా 2, 3, అప్పుడప్పుడు 8, అంతే. అమ్మ గంటసేపు కాల్ మాట్లాడింది, ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

కానీ ఈరోజు పొద్దున మళ్ళీ ఆ ఎర్ర హెచ్చరిక. పింగ్ రెండు విండోల్లోనూ బ్రహ్మాండంగా ఉంది, సైట్లు మాత్రం ప్రైవేట్ కాదు అంటున్నాయి. ఇది కూడా డిస్క్ వల్లేనా?

రాత్రిడ్యూటీ

కాదండీ, ఇది పూర్తిగా వేరే జబ్బు. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండటంతో ఒకటే అనిపించింది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు కింద కుడి మూలన తేదీ ఎంత ఉందో చూడండి. ఇంకోటి, మీరు రాత్రి గోడ దగ్గర మెయిన్ స్విచ్ కట్టేస్తారా?

కిటికీపక్క

తేదీ 2013 జనవరి చూపిస్తోంది! అవును, రాత్రి మెయిన్ స్విచ్ కట్టే అలవాటు నాన్నగారిది. ఆయన ఊళ్ళో లేని రోజుల్లో కట్టం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజుల్లో హెచ్చరిక రాలేదు.

రాత్రిడ్యూటీ

అయితే మదర్‌బోర్డు మీద ఉండే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ, 3 వోల్టులది. గోడ నుంచి కరెంటు ఉన్నంతసేపు సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా గడియారానికి విద్యుత్ అందుతుంది, మెయిన్ కట్టేస్తేనే ఆ బిళ్ళ మీద ఆధారపడుతుంది. అది ఖాళీ అయితే గడియారం బోర్డు పుట్టిన నాటి తేదీకి వెళ్ళిపోతుంది.

తేదీకీ నెట్‌కీ ఏమిటి సంబంధం అంటే, ప్రతి సురక్షిత సైటుకూ అది అసలైనదే అని చూపే ఒక సర్టిఫికెట్ ఉంటుంది, అది ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకే చెల్లుతుంది. మీ కంప్యూటర్ ఇంకా 2013లోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలే కాలేదు, కాబట్టి బ్రౌజర్ నమ్మదు. విండోస్ తనంతట తాను సమయం సరిచేసుకుంటుంది కదా అనిపించొచ్చు, తేడా మరీ సంవత్సరాల్లో ఉంటే అది సరిచేయకుండా వదిలేస్తుంది. మీరే తేదీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సరిచేయాలి. దయచేసి ఆ హెచ్చరిక దాటుకుని లోపలికి వెళ్ళే అలవాటు మాత్రం చేసుకోకండి, ముఖ్యంగా బ్యాంకు సైట్లలో. తేదీ సరిగా ఉన్నప్పుడు కూడా ఆ హెచ్చరిక వస్తే అది నిజమైన ప్రమాదం కావచ్చు, అలవాటుపడిపోతే తేడా తెలియదు.

బ్యాటరీ మార్చడం మీరే చేయగలరు, కానీ ఒక జాగ్రత్త. విప్పే ముందు బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి, వెళ్ళి (ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే చాలా బోర్డుల్లో వస్తుంది) అన్ని పేజీలూ ఫోన్లో ఫొటో తీయండి. ముఖ్యంగా సాటా మోడ్ అనే చోట ఏహెచ్‌సీఐ ఉందా ఐడీఈ ఉందా చూసి పెట్టుకోండి. బ్యాటరీ తీస్తే ఆ సెట్టింగులు మొదటికి పోవచ్చు, మోడ్ మారిపోతే విండోస్ నీలం తెర చూపించి లేవనంటుంది, చాలామంది అక్కడే సిస్టమ్ పోయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టిస్తారు. మీ సిస్టమ్ ఇప్పటికే రోజూ మొదటి సెట్టింగులతోనే లేస్తూ ఉండొచ్చు, అయినా ఫొటో ఉంటే నష్టం లేదు.

తర్వాత ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూ ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోవడానికి. బిళ్ళ పక్కన చిన్న క్లిప్ ఉంటుంది, దాన్ని నెమ్మదిగా పక్కకు నొక్కితే బిళ్ళ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. ఇనప స్క్రూడ్రైవర్‌తో బలంగా కెలకొద్దు, చుట్టూ బోర్డు మీద సన్నని గీతలు ఉంటాయి, గీసుకుపోతే బోర్డే పోతుంది.

పాతల్యాప్‌టాప్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది విండోస్ 7 ల్యాప్‌టాప్, తేదీ సరిగ్గానే ఉంది, అయినా కొన్ని సైట్లు ఇదే హెచ్చరిక ఇస్తున్నాయి. కొత్త రౌటర్ పెట్టాక అసలు వైఫై పేరే కనబడటం లేదు, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటున్నాను.

వైరుముడి

రెండు విషయాలు. సర్టిఫికెట్లను నమ్మడానికి కంప్యూటర్ లోపల మూల సర్టిఫికెట్ల జాబితా ఉంటుంది. అప్‌డేట్లు ఆగిన సిస్టమ్‌లో అది పాతబడుతుంది. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు ఆధారపడ్డ ఒక పాత మూల సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న ముగిసినప్పుడు ఎన్నో పాత పరికరాల్లో సైట్లు ఆగిపోయాయి. విండోస్ 7 కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న అయిపోయింది, దాని మీద నడిచే చివరి క్రోమ్ 109. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తనే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి దాని 115 ఈఎస్‌ఆర్ వెర్షన్‌తో సైట్లు తెరుచుకోవచ్చు. కానీ బ్యాంకు పనులు ఆ ల్యాప్‌టాప్‌లో చేయొద్దని గట్టిగా చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి బూట్ చేసి చూడండి, హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. అందులో నెట్ బాగా నడిస్తే మీ యంత్రం బాగున్నట్టు, తప్పు విండోస్‌లో ఉన్నట్టు. కిటికీపక్క గారికి కూడా ఇది చివరి అస్త్రంగా చెబుదామనుకున్నాను, అవసరం రాలేదు.

వైఫై పేరు కనబడకపోవడానికి చాలాసార్లు కారణం కొత్త రౌటర్ 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇస్తూ ఉండటం, మీ కార్డు 2.4 మాత్రమే వినగలగడం. రౌటర్‌లో 2.4 ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం ఒక్కటే ఉంటే పాత కార్డులు కలవవు, ఆ 2.4 కి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. సెక్యూరిటీ పూర్తిగా తీసేయడం, డబ్ల్యూఈపీ అనే పాత బలహీనమైన రకం పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పాతల్యాప్‌టాప్

2.4 ఆఫ్‌లో ఉంది అన్నా! ఆన్ చేయగానే కనబడింది. మింట్ ఈ వారాంతం వేసి చూస్తాను.

కిటికీపక్క

బ్యాటరీ మార్చాను. రాత్రి మెయిన్ కట్టాం, పొద్దున తేదీ సరిగ్గా ఉంది, హెచ్చరిక లేదు. నాన్నగారు వెనక నిలబడి మొత్తం చూశారు, ఆయనకే ఎక్కువ సంతోషం, ఈ సిస్టమ్ మార్చడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

ఇంకొక్క సందేహం. రౌటర్ ఇదే గదిలోకి మార్చే వీలుంది, అప్పుడు డాంగిల్ తీసేసి వైరు పెట్టుకోవచ్చా? పాత ల్యాన్ కేబుల్ ఒకటి ఉంది, దాని కొన దగ్గర ప్లాస్టిక్ నాలుక విరిగింది.

రాగితీగ

వీలుంటే తప్పకుండా వైరే. పాత డెస్క్‌టాప్‌కు అంతకంటే స్థిరమైనది లేదు, గాలి రొద గొడవే ఉండదు. కానీ నాలుక విరిగిన కొనతో వద్దు. చూడ్డానికి లోపల కూర్చున్నట్టే ఉంటుంది, బల్ల కదిలినప్పుడల్లా అర మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది, మళ్ళీ వస్తూ పోతూ మొదలవుతుంది. ఆ కొన కత్తిరించి కొత్త ఆర్‌జే45 కనెక్టర్ కొట్టించండి. కేబుల్ మీద క్యాట్ 5ఈ లేదా 6 అని అచ్చు ఉందో లేదో చూడండి. కలిపాక కంట్రోల్ ప్యానెల్ నెట్‌వర్క్ కనెక్షన్లలో ఈథర్నెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే స్పీడ్ కనిపిస్తుంది. రౌటర్ పోర్టు, మీ బోర్డు పోర్టు రెండూ గిగాబిట్ అయితే 1.0 జీబీపీఎస్ చూపించాలి, అప్పుడు నాలుగు జతల తీగలూ సరిగా పడ్డట్టు. 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగితే ఎక్కడో ఒక జత అందలేదు, ఎందుకంటే వందకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అలా వస్తే కొత్తగా కొట్టిన కొననే ముందు అనుమానించండి.